ఫోన్లో అమ్మ

పాపను తీసుకుని తానొక్కడే విమానం ఎక్కుతానని టైలరు చెప్పగానే వాళ్ళ అక్క గరిటె గిన్నెలోనే వదిలేసి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఇరవై నెలల పిల్ల. రెండు విమానాలు. మధ్యలో బొత్తిగా తెలియని ఊళ్ళో ఐదు గంటల పడిగాపులు. పైగా తమ్ముడు అప్పటిదాకా విమానాన్ని చూసింది డాబా మీద నుంచే. తోడు వెళ్దామంటే ఆమెకు పాస్‌పోర్టు లేదు. మగవాడివి, చంటిదాన్ని వేసుకుని అంత దూరం ఏం వెళ్తావు, ఇంకో నాలుగు నెలలు ఓపిక పడితే దాని తల్లే వచ్చేస్తుంది కదా అని నచ్చజెప్పింది.

టైలరు అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు.

“పదకొండు నెలలుగా దీని స్నానం, పాలు, జ్వరం, నిద్ర అన్నీ నేనే చూస్తున్నా కదక్కా. నేల మీద చేసినవి గాల్లో చేయలేనా?” అన్నాడు.

అక్క ముక్కు మీద వేలేసుకుంది గానీ, ఆ మాటలో డాబు లేదని ఆమెకూ తెలుసు.

టైలరు భార్య కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. డాక్టరు అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చును బట్టి మైనంతో చిగుళ్ళు పోసి, వాటిలో ఒక్కో పన్నూ నిలబెట్టి, నమిలేవాడు అది తన పన్ను కాదన్న సంగతి మరిచిపోయేలా చేయడం ఆమె పని. పింగాణీ పళ్ళు చేయడం నేర్పే పెద్ద వర్క్‌షాపు ఒకటి పరాయి దేశంలో ఉంది. పదిహేను నెలల శిక్షణకు ఎంతోమంది దరఖాస్తు పెట్టుకుంటే ఆరుగురిని ఎంచుకున్నారు. ఆ ఆరుగురిలో ఆమె ఒకతె. ఉత్తరం వచ్చేనాటికి పాపకు తొమ్మిది నెలలు. ఆమె ఉత్తరాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసింది. రెండు రోజుల తర్వాత టైలరే దాన్ని బయటికి తీసి, ఇస్త్రీ పెట్టెతో మడతలు పోగొట్టి, ఆమె ముందు పెట్టి వెళ్ళమన్నాడు.

అలా వెళ్ళింది. నాలుగు పళ్ళ పిల్లను వదిలి వెళ్ళింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్లో కనిపించి, “ఆ అనవే బుడంకాయా” అనేది. బుడంకాయ నోరు తెరిచేది. అటువైపు నుంచి ఆమె పళ్ళు లెక్కపెట్టేది. ఎడమవైపు కింద చిగురు ఉబ్బిందనీ, మూడు రోజుల్లో దవడ పన్ను వస్తుందనీ, జ్వరం వచ్చినా కంగారు పడవద్దనీ చెప్పేది. చెప్పినట్టే వచ్చేది. పిల్ల మొదటి అడుగు వేసిందీ, మొదటి మాట అన్నదీ ఆ ఫోన్లోనే చూసింది. చూసినంతసేపూ నవ్వుతూనే ఉండేది.

ఒకరోజు మాత్రం ఫోను పెట్టేసే ముందు ఆమె ఒక మాట అంది.

“బావా, దీని బరువెంతో చెప్తావు, పొడుగెంతో చెప్తావు. ఎత్తుకుంటే ఎలా ఉంటుందో మాత్రం నువ్వు చెప్పలేవు కదా.”

టైలరు ఆమెకు మేనబావ. పెళ్ళికి ముందు ఎలా పిలిచేదో ఇప్పుడూ అలాగే పిలుస్తుంది. ఆ మాట విన్న మర్నాడే అతను పాప పాస్‌పోర్టు కోసం ఫోటో తీయించాడు. నెల రోజులు అక్కడ ఉండి, పాపను తీసుకుని తిరిగి రావాలని అనుకున్నారు.

ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక కోటు కుట్టడం మొదలుపెట్టాడు. చేతులు లేని కోటు, పదకొండు జేబులు. పాలసీసా జేబుకు లోపల ఉన్ని గుడ్డ వేశాడు. కాగితాల జేబు ఎడమ పక్క, గుండె మీద, రెండు బొత్తాలతో. వీపు వెనక వెడల్పాటి జేబులో డైపర్లు. పాప కూర్చోవడానికి భుజం మీదుగా నడుం దాకా ఒక జోలె, అవసరం లేనప్పుడు మడిచి గుండీ పెట్టేసుకునేలా. దాన్ని తొడుక్కునే షాపులో తిరుగుతుంటే, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ, ఇందులో కుట్టు మిషను పెట్టుకునే జేబు ఎక్కడుందని అడిగింది. అది రెండో కోటుకి అన్నాడు టైలరు.

విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే అధికారి కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని అతన్నీ, జోలెలో కూర్చున్న పాపనూ చూశాడు. తల్లి ఏదని అడిగాడు. టైలరు ఎడమ జేబు గుండీ తీసి, తల్లి సంతకం చేసి పంపిన అనుమతి పత్రం, పాప పుట్టిన సర్టిఫికెట్టు, అక్కడి వర్క్‌షాపు వాళ్ళిచ్చిన ఉత్తరం వరసగా బల్ల మీద పరిచాడు. అధికారి అన్నీ చదివాడు. అయినా తృప్తి కలగలేదో, ముచ్చట పడ్డాడో, పాప వైపు వంగి అమ్మ ఎక్కడుందని అడిగాడు.

పాప ఏ మాత్రం తడుముకోకుండా టైలరు కుడి జేబు మీద చెయ్యేసి “అమ్మ” అంది. ఆ జేబులో ఫోనుంది.

అధికారి నవ్వి ముద్ర వేశాడు. టైలరూ నవ్వాడు. నవ్వుతూనే నాలుగడుగులు వేశాక ఆ మాట ఎక్కడో కలుక్కుమంది గానీ, విమానం ఎక్కే హడావిడిలో దాన్ని పట్టించుకోలేదు.

విమానం లేచేటప్పుడు చెవులు నొప్పి పెడతాయని, పాలు తాగిస్తూ ఉండమని భార్య ముందే చెప్పింది. విమానం కదలగానే సీసా నోట్లో పెట్టాడు. చక్రాలు నేల విడిచేటప్పుడు పాప గుటకలు వేస్తూనే ఉంది, అతని చెవులే దిబ్బళ్ళు పడ్డాయి. తర్వాత రెండు గంటలు నిద్రపోయింది. లేచాక కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, వెనకే అతనూ నడిచాడు. నిద్రపోతున్న పెద్దమనిషి బూటు లేసు లాగింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్ళో అడక్కుండానే ఎక్కి కూర్చుంది. టైలరు జేబులోంచి ఖాళీ దారం రీళ్ళ దండ తీసి ఇచ్చాడు. ఇరవై రీళ్ళు, ఇరవై రంగులు. ముసలావిడా పాపా కలిసి వాటిని దొర్లిస్తూ గంటన్నర గడిపారు. ఆ గంటన్నరా అతను కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

మొదటి విమానం గాలివానకు దారిలో వేరే ఊళ్ళో ఆగి, ఆరు గంటలు ఆలస్యంగా దిగడంతో రెండోది వీళ్ళను వదిలేసి వెళ్ళిపోయింది. అలా మిగిలిపోయిన వాళ్ళు నలభై మంది దాకా కౌంటరు చుట్టూ మూగి గొంతులు చించుకుంటున్నారు. పెళ్ళిళ్ళ రోజుల్లో షాపు ముందు ఇలాంటి గుంపుల్ని టైలరు ఎన్నిటినో చూశాడు. అరిచేవాడి బట్టలు ముందు కుట్టిన జ్ఞాపకం అతనికి ఒక్కటీ లేదు. అందుకని వరసలోనే నిలబడి, తన వంతు రాగానే పాపను కౌంటరు అంచు మీద కూర్చోబెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో పిల్ల, పడక, స్నానం అని మూడు మాటలు చెప్పాడు. పొద్దుటి నుంచి తిట్లు తిని వాడిపోయిన కౌంటరులోని అమ్మాయి, మర్నాడు మధ్యాహ్నం విమానంలో కిటికీ పక్కన సీటుతో పాటు పక్కనే ఉన్న హోటల్లో గది కూడా రాసిచ్చింది. గదిలో చెయ్యి కడుక్కునే తొట్టెలో పాపకు స్నానం చేయించాడు. పాప అద్దంలో తనను చూసుకుని కేరింతలు కొట్టింది. అక్కకు ఫోన్ చేసి ఒక రాత్రి హోటల్లో సుఖంగా పడుకోబోతున్నామని మాత్రమే చెప్పాడు, విమానం తప్పిన సంగతి దాటవేశాడు.

మర్నాడు సాయంత్రానికి చేరారు.

బయటికి వచ్చే దారిలో కమ్మీల అవతల భార్య నిలబడి ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాస్త చిక్కింది. అతన్ని చూసి చెయ్యెత్తింది. దగ్గరికి రాగానే రెండు చేతులూ పాప వైపు చాపింది. పాప ఆమెను పైనుంచి కిందికి చూసి, తల తిప్పుకుని టైలరు మెడలో ముఖం దాచుకుంది.

ప్రయాణం బడలిక అన్నాడు టైలరు. అవునంది ఆమె.

ఆమె ఉండేది మూడో అంతస్తులో ఒకటే గది. మంచం, బల్ల, మూలన పొయ్యి, చిన్న స్నానాలగది. కిటికీ గట్టు మీద మైనంతో చేసిన కుందేలు, ఏనుగు, బాతు వరసగా పెట్టి ఉన్నాయి. పాప కోసం నెల నుంచి చేస్తోందట. పాప వాటిని ఆశగా చూసింది గానీ ఆమె అందిస్తే తీసుకోలేదు, టైలరు అందిస్తే తీసుకుంది. ఏడు గంటలవుతుండగా టైలరు దగ్గరికి వచ్చి అతని జేబు లాగడం మొదలుపెట్టింది.

“అమ్మ. అమ్మ కావాలి.”

ఆమె మంచం అంచు మీద, జానెడు దూరంలో కూర్చుని ఉంది. “అమ్మ ఇక్కడే ఉందిగా బుడంకాయా” అని టైలరు పాపను అటు తిప్పాడు. పాప ఆమె వైపు చూసి, మళ్ళీ జేబు వైపు తిరిగి, ఈసారి ఏడుపు గొంతుతో అమ్మ కావాలంది. చివరికి ఫోను బయటికి తీస్తే దాన్ని రెండు చేతులా పట్టుకుని, నల్లగా ఉన్న తెర వైపు నోరు తెరిచి “ఆ” అంది.

భార్య లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందని టైలరుకు ధీమా. పిల్లతో ఎలా మెలగాలో తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అదే ఆమెకు నేర్పితే సరిపోతుంది. అలా నేర్పడం మొదలుపెట్టాడు. పసుపు చెంచాతో పెడితే తినదు, ఆకుపచ్చదే వాడాలి. ఎత్తుకున్నప్పుడు ఎడమ భుజం మీదికి వేసుకోవాలి. తల తుడిచేటప్పుడు ముందు నుంచి కాదు, వెనక నుంచి. జోకొట్టేటప్పుడు మూడు దెబ్బలు నెమ్మదిగా, ఒకటి గట్టిగా. ఆమె వర్క్‌షాపుకు రెండు వారాలు సెలవు పెట్టింది. చెప్పినవన్నీ శ్రద్ధగా విని అలాగే చేసేది. పాప మాత్రం ఆమె ముద్ద కలిపితే పెదవులు బిగించేది, ఆమె ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వాలి “నాన్నా” అని చేతులు చాపేది. టైలరు వెంటనే అందుకునేవాడు. అందుకోగానే ఏడుపు ఆగిపోయేది. ఆ ఆగిపోవడంలో అతనికి తెలియకుండానే కాస్త గర్వం ఉండేది.

నాలుగో రోజు పాప మధ్యాహ్నం నిద్రలో ఉండగా ఆమె కిటికీ దగ్గర నిలబడి నెమ్మదిగా మాట్లాడింది.

“బావా, రేపు పొద్దున్నే నువ్వు బయటికి వెళ్ళు. సాయంత్రం ఐదింటి దాకా రావద్దు.”

టైలరుకు అర్థం కాలేదు. ఏదైనా కొనుక్కు రావాలా అని అడిగాడు.

“ఏమీ వద్దు. నువ్వు ఉంటే అది నా దగ్గరికి రాదు. ఏడవగానే నువ్వు అందుకుంటావు. అది నీకు చేతనవును, కాదనను. కానీ నాలుగు రోజులుగా నేను మీ ఇద్దరికీ చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.”

“నేను లేకపోతే ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోతుంది.”

“ఏడవనీ. నీ దగ్గర నవ్వింది చాలు, నా దగ్గర ఏడవనీ.”

టైలరు ముఖం చిన్నబోయింది. పదకొండు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నవాణ్ణి గుమ్మం దాటమంటోందా అనిపించింది. ఏదో అనబోయి, ఆమె చేతులు చూసి ఆగిపోయాడు. పింగాణీ పని వల్ల వేళ్ళ చివర్లు గరుకుగా, తెల్లగా పగిలి ఉన్నాయి. నాలుగు రోజులుగా ఆ చేతులతో పిల్లను ముట్టుకునే ముందల్లా ఆమె నూనె రాసుకోవడం అతను చూస్తూనే ఉన్నాడు. సరేనన్నాడు. ఆమె ఇంకొకటి కూడా అడిగింది. తన ఫోనూ, అతని ఫోనూ రెండూ అతనే పట్టుకుపోవాలి. గదిలో ఒక్క ఫోను కూడా ఉండకూడదు. ఏదైనా అవసరం పడితే కింద ఇంటావిడ ఉంది, ఆవిడ మంచిది.

మర్నాడు తొమ్మిదింటికి అతను తలుపు వేసి మెట్లు దిగుతుంటే వెనక నుంచి “నాన్నా” అన్న కేక వినపడింది. రెండో అంతస్తులో ఒకసారి ఆగి మళ్ళీ దిగాడు. కింది గుమ్మం దాకా ఏడుపు వినిపిస్తూనే ఉంది. వీధి మలుపు తిరిగాక వినపడటం మానేసింది గానీ చెవుల్లో మాత్రం మోగుతూనే ఉంది. రెండు జేబుల్లో రెండు ఫోన్లు. ఎవరికి చేయాలి వాటితో.

ఎటు వెళ్తున్నాడో చూసుకోకుండా గంటసేపు నడిచాడు. ఒక సందులో చిన్న షాపు కిటికీ ముందు అతని కాళ్ళు వాటంతటవే ఆగాయి. లోపల మెడలో టేపు వేసుకున్న పెద్దాయన ఒకరు, కుడి మణికట్టుకు కట్టుతో, ఎడమ చేత్తో మందపాటి చలికోటుకు గుండుసూదులు గుచ్చుతున్నారు. గుచ్చిన సూది గుచ్చినట్టే ఊడి కింద పడుతోంది. పక్కన బల్ల మీద మార్పులు చేయాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి.

టైలరు లోపలికి వెళ్ళి తన కుడి చెయ్యి చాపి చూపించాడు. బొటనవేలి మీద కత్తెర కాయ, చూపుడు వేలి మీద సూది కాయ. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని ఆ కాయల్ని చూసి, కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఆయన భాష ఇతనికి రాదు, ఇతని భాష ఆయనకు రాదు. సుద్దముక్కతో ఆయన గీత గీస్తే, ఇతను ఆ గీత మీద కుట్టాడు. ప్యాంట్ల అంచులు మడిచాడు, జిప్పులు మార్చాడు. చలికోటు భుజం విప్పి, చెయ్యి అరంగుళం పైకి జరిపి మళ్ళీ ఎక్కించేటప్పుడు పెద్దాయన ఊపిరి బిగబట్టి చూశారు. మధ్యాహ్నం ఇద్దరూ రొట్టె పంచుకున్నారు. పెద్దాయన ఇతని కోటును లోపలికి తిప్పి కుట్లన్నీ పరీక్షించారు, జోలె ఎందుకో అర్థం కాక కనుబొమలు ఎగరేశారు. టైలరు చేతుల మధ్య గాలిని ఊపుతూ జోకొట్టి చూపించాడు. పెద్దాయన తలూపారు. టైలరు తల వంచుకుని మిగతా కుట్టు పూర్తి చేశాడు.

పని చేతిలో ఉండగా ఒక సంగతి నిదానంగా తట్టింది. షాపులో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు అతను మొదట చెప్పే మాట, గుడ్డను నువ్వు పాడుచేస్తేనే నీకు పని వస్తుందని. ఎవరైనా గుడ్డను పాడుచేస్తుంటే చేతిలోంచి లాక్కునేవాడు కాదు. అలాంటివాడు నాలుగు రోజులుగా పిల్లను లాక్కుంటూనే ఉన్నాడు.

ఐదు కొట్టడానికి పది నిమిషాల ముందు ఆ ఇంటి మెట్లెక్కాడు. లోపల్నుంచి చప్పుడు లేదు. తలుపు నెమ్మదిగా తోశాడు.

గది గది లాగా లేదు. సొరుగులన్నీ బయట ఉన్నాయి. పిండి డబ్బా బోర్లాపడి నేలంతా తెల్లగా ఉంది, ఆ పిండిలో చిన్న పాదాల గుర్తులు. ఏనుగు తొండం విరిగింది. మంచం మీద భార్య వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె పొట్ట మీద బోర్లా, నోరు తెరుచుకుని, బుడంకాయ నిద్రపోతోంది. ఇద్దరి జుట్లూ తడిగా ఉన్నాయి. ఆమె వేలు నోటి మీద పెట్టుకుని, చెయ్యూపి అతన్ని దగ్గరికి పిలిచింది. గుసగుసగా జరిగిందంతా చెప్పింది.

రెండు గంటలు ఏడ్చిందట. తలుపు బాదింది. దిండు కింద, పరుపు కింద, డబ్బాల్లో ఫోను కోసం వెతికింది. దొరకలేదని పిండి కుమ్మరించింది. ఏడ్చి ఏడ్చి కక్కుకుంది. ఒళ్ళంతా కడగడానికి స్నానాలగదికి తీసుకెళ్తే అక్కడా పెనుగులాడి ఆమె చెంప మీద కొట్టింది. తల ప్రాణం తోకకొచ్చి ఆమె కూడా ఆ తడినేల మీదే చతికిలపడి ఏడ్చేసింది.

“నేను ఏడుస్తుంటే అది ఆపేసింది బావా. వింతగా చూసింది నన్ను. దగ్గరికొచ్చి కళ్ళు ముట్టుకుంది.”

టైలరు మంచం అంచున కూర్చున్నాడు.

“ఫోన్లో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు కదా. అది చూసిన అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉంది.” ఆమె పాప వీపు మీద చెయ్యి కదలకుండా ఉంచి చెప్పింది. “తర్వాత మగ్గుతో నీళ్ళు తెచ్చి నా తల మీద పోసింది. నువ్వు దానికి పోస్తావే, అలాగ. ఏడవకు, ఏడవకు అంటూ పోసింది.”

ఆ తర్వాత ఆమె పెట్టింది తిందట. ఏ చెంచాతో పెట్టావని టైలరు అడగబోయి నోరు మూసుకున్నాడు. ఎవరూ అడగకుండానే చీపురు తీసుకుని పిండి ఊడ్చాడు.

మర్నాటి నుంచి అతను రోజూ పొద్దున షాపు పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. పాప గుమ్మం దాకా వచ్చి ఏడ్చేది. రోజు రోజుకీ ఆ ఏడుపు కురచైంది. ఆరో రోజుకు ఏడవడం మరిచిపోయి చెయ్యూపింది. ఆమె దగ్గర తింటోంది, నిద్రపోతోంది, ఆమె భుజమెక్కి కిటికీలోంచి బస్సులు చూస్తోంది. అయితే ఆమెను మాత్రం “అత్తా” అని పిలిచేది. ఇంటి దగ్గర తనకు ముద్దలు పెట్టే ఆడమనిషి అత్త ఒక్కతే, అందుకని ముద్దలు పెట్టేవాళ్ళందరూ అత్తలే అనుకున్నట్టుంది. టైలరు సరిదిద్దబోతే భార్య ఆపింది.

“అత్తో గిత్తో, పిలిచింది కదా. దాని ఇష్టం.”

చెప్పడం తేలిగ్గానే చెప్పింది. కానీ సాయంత్రం ఏడయ్యేసరికి పాప ఫోను ఇమ్మని అడిగినప్పుడల్లా ఆమె కళ్ళు అటు తిరిగేవి.

సెలవు అయిపోయి ఆమె వర్క్‌షాపుకు వెళ్ళడం మొదలుపెట్టిన మూడో రోజు టైలరు పాపను తీసుకుని అక్కడికి వెళ్ళాడు. పొడవాటి హాలు, వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా దీపం. ట్రేల్లో పైపళ్ళు, కిందిపళ్ళు వరసలు కట్టి ఉన్నాయి, ఎవరో నవ్వి నోరు మాత్రం అక్కడ వదిలి వెళ్ళినట్టు. పొడి ఎగిరే చోటు కనుక బయటివాళ్ళను లోపలికి రానివ్వరు, గాజు గోడ ఇవతల నిలబడి చూడాలి. టైలరు పాపను ఎత్తుకుని గాజుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె రెండో బల్ల దగ్గర, మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకుని, సన్నటి కుంచెతో పంటికి రంగు వేస్తోంది. తలెత్తి వీళ్ళను చూసింది. కుంచె కింద పెట్టి, మాస్కు గడ్డం కిందికి లాగి, నవ్వి, చెయ్యూపింది.

పాప కాళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. గాజు మీద రెండు అరచేతులూ పెట్టింది.

“అమ్మ” అంది. “నాన్నా, అమ్మ.”

టైలరు కదల్లేదు. భార్యకు మాట వినపడలేదు గానీ పెదవులు చూసి అర్థం చేసుకుంది. కుర్చీ వెనక్కి తోసి, బల్లల మధ్య నుంచి నడిచి, గోడ చివరనున్న తలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది. పాప ఆమె నడుస్తున్నంతసేపూ గాజు వెంట తల తిప్పుతూ చూసింది. ఆమె పక్కకు వచ్చి నిలబడగానే పాప గాజు అవతల ఖాళీ కుర్చీ వైపు చూసింది. మళ్ళీ ఆమెను చూసింది. మళ్ళీ కుర్చీని. తర్వాత చెయ్యి చాపి, ఆమె చెంప మీద తెల్లటి పొడిని వేలితో గీసి, ఆ వేలిని పరీక్షగా చూసుకుంది.

“అమ్మ” అని, టైలరు చేతుల్లోంచి అటు వాలింది.

ఆమె ఎత్తుకుంది. ఎడమ భుజం మీదికి కాదు, కుడి భుజం మీదికి వేసుకుంది. పాపకు అదేమీ పట్టలేదు. బల్లల దగ్గర పని చేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూసి మళ్ళీ వంచుకున్నారు. ఆమె గురువు, తల నెరిసిన ఆవిడ, బయటికొచ్చి పాప నోట్లోకి తొంగిచూసి, పదమూడు పళ్ళూ చక్కగా ఉన్నాయని తన భాషలో చెప్పిందట. రెండు నెలలకు పద్నాలుగోది వస్తుందని కూడా చెప్పింది. కాదు, పది రోజుల్లో వస్తుందని భార్య పందెం వేసింది.

తొమ్మిదో రోజున వచ్చింది.

నెల పూర్తి కావస్తుండగా ఒక సాయంత్రం టైలరు తిరుగు ప్రయాణం సామాను సర్దుతూ, పాప బట్టలు మాత్రం పక్కన పెట్టాడు. వర్క్‌షాపు కింది అంతస్తులో అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లల కోసం ఒక పెద్ద గది ఉంది. ఇద్దరు ఆయాలు, బొమ్మలు, పడకలు. రెండు రోజులుగా అతను ఆ గది చుట్టూ తిరిగి, కిటికీల గొళ్ళేలు, మెట్ల దగ్గర అడ్డం, పిల్లలకు పెట్టే తిండి అన్నీ చూసి వచ్చాడు. ఆ సంగతి భార్యకు చెప్పి, మిగిలిన ఈ మూడు నెలలూ పాపను తన దగ్గరే ఉంచుకోమన్నాడు. ఒకసారి దొరికినదాన్ని మళ్ళీ ఫోన్లో పెట్టొద్దన్నాడు.

ఆమె పక్కన పెట్టిన చిన్న గౌను ఒకటి తీసి మడతపెట్టింది.

“నువ్వు ఉండగలవా బావా, అది లేకుండా?”

“ఉండలేను” అన్నాడు టైలరు. “అయినా ఉంటాను. నువ్వు ఉండలేదా?”

బయల్దేరే రోజు షాపు పెద్దాయన, కట్టు విప్పేసిన చేత్తో, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే తన పాత ఇత్తడి అంగుస్తానా ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చారు. భార్యా పాపా బస్సు దాకా వచ్చారు. పాప అతని మెడ పట్టుకుని వదల్లేదు, ఆ తర్వాత రోడ్డు మీద ఒక ఎర్ర లారీ కనపడగానే వదిలేసి దాని వైపు చెయ్యి చూపించింది. అతను పాప నెత్తి మీద ముద్దుపెట్టుకుని బస్సెక్కాడు. సీట్లో కూర్చున్నాక కాసేపు కిటికీ వైపు తిరగలేదు. తిరిగేసరికి వాళ్ళిద్దరూ లారీ ఎటు వెళ్ళిందో చూస్తూ నిలబడి ఉన్నారు. అదే మంచిదనుకున్నాడు.

ఇంటి దగ్గర విమానాశ్రయంలో అక్క ఎదురొచ్చింది. అతని చేతులు చూసింది, వెనక చూసింది, బండిలో సామాను చూసింది. ఆమె ముఖంలో రంగు మారుతుండగానే టైలరు సంచి ఆమె చేతికిచ్చాడు.

“వాళ్ళమ్మ దగ్గరుందక్కా. మూడు నెలల్లో ఇద్దరూ కలిసి వస్తారు. దారిలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర ఒకసారి ఆగుదాం, నీకూ ఒకదానికి దరఖాస్తు పెడదాం.”